గర్డర్ సైజు సరే, అది కూర్చునే చోటు ఎలా ఉంది?

ఇల్లు కట్టేవాళ్ల కోసం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం ఇనుప గర్డర్లకే కేటాయిస్తున్నాను. గోడ తీసేసి హాలు పెద్దది చేసుకోవడం, మేడ మీద షెడ్డు, దుకాణంలో మధ్య అంతస్తు, ఇలాంటి పనులు ఊరూరా జరుగుతున్నాయి, వాటి మీద ప్రశ్నలూ అలాగే వస్తున్నాయి. దాదాపు అందరూ అడిగేది ఒక్కటే, "ఏ సైజు వేయాలి?" అని. ఆ గర్డర్ చివర్లు దేని మీద కూర్చుంటాయో అడిగినవాళ్లు చాలా తక్కువ. అందుకే మొదటి ప్రశ్నకు కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే స్లాబులు ఉన్నాయి. కింద హాలూ పక్క గదీ కలిపేద్దామని మధ్య గోడ 14 అడుగుల మేర తీసేస్తున్నాం. పైన అదే లైన్లో ఇంకో గోడ ఉంది. మేస్త్రీ ఐఎస్ఎంబీ 150 (ఐ ఆకారంలో, 150 మిల్లీమీటర్ల ఎత్తుండే) గర్డర్లు రెండు పక్కపక్కన వేస్తే చాలంటున్నారు, మా మరిది 200వి వేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి సార్?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరి మాటా వినొద్దమ్మా. ముందు పని ఆపించండి, గోడ మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా పడనివ్వకండి.

ఆ గోడ ఏం మోస్తోందో లెక్క వేద్దాం. పైన ఉన్న తొమ్మిదంగుళాల గోడ 3 మీటర్ల ఎత్తు అనుకుంటే, ఒక్కో మీటరు పొడవుకు ప్లాస్టరింగ్‌తో కలిపి సుమారు 1,400 కిలోలు. రెండు వైపులా గదులు 12 అడుగుల వెడల్పు అనుకుంటే మొదటి స్లాబు, దాని మీద ఫ్లోరింగ్, సామాను, మనుషులు కలిపి మీటరుకు ఇంకో 2,200 కిలోల దాకా వస్తాయి. పై కప్పు కూడా ఆ పై గోడ మీదే ఆని ఉంటుంది కాబట్టి మళ్లీ అంతే. అన్నీ కూడితే మీటరుకు 5.8 టన్నులు, 14 అడుగులకు మొత్తం పాతిక టన్నులు. రెండు లోడు లారీలు మీ హాలు మీద నిలబడ్డాయన్నమాట.

ఇప్పుడు మేస్త్రీ గారి గర్డర్లు చూద్దాం. ఈ బరువుకు రెండు ఐఎస్ఎంబీ 150ల మీద వచ్చే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 690 న్యూటన్ల దాకా పోతుంది. మామూలుగా దొరికే ఈ250 గ్రేడు ఉక్కు 250 దగ్గరే లొంగిపోతుంది, అంటే వంగి మళ్లీ యథాస్థితికి రాదు. మీ మరిది చెప్పిన 200వి రెండు వేసినా 300 వస్తుంది, అదీ హద్దు దాటినట్టే. 250వి రెండు వేస్తే ఒత్తిడి తగ్గుతుంది గానీ మధ్యలో 12 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది, ఆ దిగుడికి పై గోడ ప్లాస్టరింగ్ పగులుతుంది. పగుళ్లు వచ్చే గోడలు మోసే దూలం, పొడవులో 360వ వంతుకు మించి దిగకూడదని ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 చెబుతోంది, మీ 14 అడుగులకు అది 12 మిల్లీమీటర్లు. రెండు ఐఎస్ఎంబీ 300 వేస్తే ఒత్తిడి 120 లోపు, దిగుడు 7 నుంచి 8 మిల్లీమీటర్లు. ఇది మీ ఇంటికి డిజైన్ కాదు, మీ గదుల కొలతలు నేను చూడలేదు. మేస్త్రీ అంచనాకూ అసలు లెక్కకూ ఎంత దూరం ఉందో మీకు తెలియాలని చెప్పాను.

సైజు దొరికింది కదా అని సంతోషపడితే అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ పాతిక టన్నులు ఎక్కడికి పోతాయి? సగం ఈ చివరకు, సగం ఆ చివరకు. ఇంతకుముందు 14 అడుగుల పొడవునా పరుచుకుని పునాదికి దిగిన బరువు ఇప్పుడు రెండు చోట్ల కేంద్రీకృతం అవుతుంది. చివర తొమ్మిదంగుళాల చదరం మీద పన్నెండున్నర టన్నులు కూర్చుంటే చదరపు సెంటీమీటరుకు 23, 24 కిలోలు పడుతుంది. మామూలు పాత ఇటుక గోడకు మేం లెక్కలో 4, 5 కిలోలకు మించి తీసుకోం. గర్డర్ చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని కింద ఇటుకలు నలిగిపోతాయి. కింద ఒక ఇనుప ప్లేటు పెడతాం అంటారు మేస్త్రీలు, ఇంత బరువుకు అది సరిపోదు. ప్లేటు కింద కాంక్రీటు దిమ్మె పోసినా అది నాలుగడుగుల పొడవు దాకా ఉండాలి, మీ గోడలో తలుపు పక్కన అంత చోటు ఉండకపోవచ్చు. అందుకే ఇలాంటి చోట చివర్లలో పునాది నుంచి లేచే కాంక్రీటు పిల్లర్లో, ఉక్కు స్తంభాలో పెట్టి, వాటికి సొంతంగా ఫుటింగులు వేయడమే దారి. అది ఖర్చుతో కూడిన పని, తెలుసు. కానీ హాలు పెద్దది చేసుకోవడం అంటే అసలు ఖర్చు గర్డర్‌ది కాదు, ఆ పిల్లర్లదీ ఫుటింగులదే. ఆ లెక్క తెలిశాక కూడా గోడ తీయాలనిపిస్తే తీయండి.

పని వరస కూడా ముఖ్యమే. గోడకు అడ్డంగా కన్నాలు పెట్టి, వాటిలో చిన్న గర్డర్లు దూర్చి, రెండు వైపులా జాకీల మీద నిలబెట్టి, పై బరువు వాటి మీదకు వచ్చాకే కింది గోడ తీయాలి. స్లాబుకూ విడిగా సపోర్టులు ఉండాలి. కొత్త గర్డర్ పైభాగానికీ పై గోడకూ మధ్య మిగిలిన సందును ముడుచుకోని గ్రౌటుతో గట్టిగా నింపి, అది గట్టిపడ్డాకే జాకీలు దించాలి. ఆ సందు ఖాళీగా వదిలేస్తే జాకీలు తీసిన రోజే పై గోడ ఆ సందు మేర కిందికి కూర్చుంటుంది. పక్కపక్కన వేసిన రెండు గర్డర్లను మధ్య మధ్య బోల్టులతో, స్పేసర్లతో కలపాలి, లేకపోతే బరువు సమంగా పంచుకోవు. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి, సంతకం పెట్టిన డ్రాయింగ్ ఇచ్చేదాకా ఆగండమ్మా. పైన మీవాళ్లు పడుకునే గది ఉంది.

ప్రశ్న: ఐఎస్ఎంబీ 200 అని బిల్లు వేయించుకుని 12 మీటర్ల ముక్కలు 4 తెచ్చాం. ధరంకాటా మీద మొత్తం 965 కిలోలే తూగాయి. షాపులో అడిగితే, "టేపు పెట్టి చూసుకోండి, ఎత్తు 200, వెడల్పు 100 కరెక్టుగా ఉన్నాయి కదా" అంటున్నారు. నిజంగానే ఉన్నాయి. మరి బరువు ఎక్కడ పోయింది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మందంలో పోయింది. మీరు తూకం వేయించడం చాలా మంచి పని చేశారన్నా, చాలామంది ఆ పని చేయరు.

గర్డర్ల కొలతల ప్రమాణం ఐఎస్ 808 పట్టికలో 200 మిల్లీమీటర్ల ఎత్తున్న బీమ్‌లు ఒకటి కాదు, కనీసం ఐదు రకాలున్నాయి. జేబీ (జూనియర్ బీమ్) 200 మీటరుకు 10 కిలోల లోపే. ఎల్‌బీ (లైట్ బీమ్) 200 అయితే 19.8 కిలోలు. ఎంబీ (మీడియం బీమ్, అదే మీ ఐఎస్ఎంబీ) 200 పాత పట్టికలో 25.4, తర్వాతి దానిలో 24.2. వెడల్పు రెక్కలున్న (రెక్క అంటే ఐ ఆకారంలో పైనా కిందా ఉండే అడ్డ పలక) డబ్ల్యూబీ 200 దాదాపు 29, హెచ్‌బీ 200 అయితే 37 పైనే. వీటిలో ఎల్‌బీకీ ఎంబీకీ ఎత్తూ వెడల్పూ ఒక్కటే, 200, 100. టేపుతో ఎన్నిసార్లు కొలిచినా తేడా దొరకదు. తేడా రెక్క మందంలో ఉంటుంది, ఎల్‌బీకి 7.3 మిల్లీమీటర్లు, ఎంబీకి 10 నుంచి 11. రెక్క లోపలి వైపు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అంచు దగ్గరా, నడుము (మధ్య నిలువు పలక) దగ్గరా కొలవకుండా రెండింటికీ మధ్యలో వెర్నియర్ పెట్టి కొలవండి.

మీ 48 మీటర్లకు ఎంబీ అయితే 1,160 నుంచి 1,220 కిలోలు రావాలి. 965 అంటే మీటరుకు 20 కిలోలు, ఎల్‌బీతో సరిగ్గా సరిపోతోంది. లేదంటే మందం తగ్గించి రోల్ చేసిన సరుకైనా అయ్యుండాలి. రోలింగ్‌లో బరువు కొద్దిగా అటూఇటూ అవడానికి స్టాండర్డే అనుమతిస్తుంది, కానీ ఐదో వంతు తగ్గడం ఆ లెక్కలోకి రాదు.

"కిలోల లెక్కనే కదా డబ్బు కట్టాం, నష్టమేముంది" అని మాత్రం సరిపెట్టుకోకండి. మీ ఇంజినీరు ఎంబీ 200 అనుకుని డిజైన్ చేశారు. ఎల్‌బీ వేస్తే వంగకుండా నిలబడే శక్తి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. బిల్లు తీసుకుని షాపుకు వెళ్లండి, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, అందులోని హీట్ నంబరు (ఏ పోతలోంచి వచ్చిందో చెప్పేది) సరుకు మీద ఉన్న నంబరుతో కలుస్తుందో లేదో చూడండి, ఐఎస్ఐ మార్కు ఉందో చూడండి. మార్చి ఇవ్వకపోతే సరుకు వాపసు చేయండి, లేదా ఈ బరువుకు సరిపోయేలా ఇంకో గర్డర్ కలపాలేమో మీ ఇంజినీరుతోనే లెక్క వేయించండి. ఎవరికీ చెప్పకుండా వాడేయడం మాత్రం వద్దు.

ప్రశ్న: మేడ మీద 2,000 లీటర్ల ట్యాంకు కోసం రెండు గోడల మధ్య 10 అడుగుల ఖాళీలో రెండు ఐఎస్ఎంబీ 200 గర్డర్లు వేయించాను. వెల్డర్ వాటిని అడ్డంగా పడుకోబెట్టి బిగించాడు, అంటే హెచ్ అక్షరంలా. ట్యాంకు కదలకుండా కూర్చుంటుందని, ఎత్తు కూడా కలిసొస్తుందని అన్నాడు. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఫరవాలేదని అనలేను. ట్యాంకు నింపకముందే నిలబెట్టించండి.

ఐ ఆకారం పెట్టడంలో ఉన్న కిటుకు అంతా లోహాన్ని పైకీ కిందికీ తోసేయడంలోనే ఉంది. బరువు పడినప్పుడు పై రెక్క నొక్కుకుంటుంది, కింది రెక్క లాగబడుతుంది, ఆ రెండూ ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత బలం. పడుకోబెట్టగానే ఆ దూరం పోతుంది. పిల్లల స్కేలు బల్లపరుపుగా పట్టుకుని వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు, అదే ఇది. ఐఎస్ఎంబీ 200 నిలబడి ఉంటే వంగకుండా ఆపే శక్తి పడుకున్నప్పటి కన్నా సుమారు 15 రెట్లు ఎక్కువ.

మీ ట్యాంకు నిండితే ఒక్కో గర్డర్ మీద టన్ను పడుతుంది. ఆ బరువంతా మధ్యలో పడిందనుకుని లెక్క వేస్తే, పడుకోబెట్టిన గర్డర్ దాదాపు 19 మిల్లీమీటర్లు దిగుతుంది, ఒత్తిడి ఉక్కు లొంగిపోయే 250 దగ్గరికే చేరుతుంది. అదే గర్డర్‌ని నిలబెడితే దిగుడు మిల్లీమీటరున్నర లోపు, ఒత్తిడి 34. డబ్బంతా పెట్టి కొన్న ఉక్కును పడుకోబెట్టి వృథా చేయడమే ఇది. నిలబెట్టాక రెండు గర్డర్ల మధ్య చివర్లలోనూ మధ్యలోనూ అడ్డ ఛానళ్లు వెల్డ్ చేయించండి, పక్కకు ఒరగకుండా పట్టుకుంటాయి. ట్యాంకు కుదురుగా కూర్చోవడానికి పైన వేరే ప్లేటో, సన్న స్లాబో వేసుకోవచ్చు. చివర్లు గోడ మీద ఉన్నాయన్నారు, పారపెట్ గోడ మీద మాత్రం కాదు కదా? నాలుగంగుళాల పారపెట్ అయితే మొత్తం ఏర్పాటే మార్చాలి, గర్డర్లు కింద పిల్లరో, మెయిన్ గోడో ఉన్న చోట ఆనాలి.

ప్రశ్న: ఈ250 బదులు ఈ350 గ్రేడు గర్డర్ వేస్తే సైజు తగ్గించుకోవచ్చని సప్లయర్ చెబుతున్నాడు. 20 అడుగుల స్పాన్ (రెండు ఆనింపుల మధ్య దూరం). నిజమేనా?
– చిన్న కాంట్రాక్టరు, హైదరాబాద్

జవాబు: సగం నిజం. ఈ350 లొంగే హద్దు 350, కాబట్టి బలం పెరుగుతుంది. కానీ ఎంత దిగుతుందన్నది గ్రేడు మీద ఆధారపడదు. ఏ గ్రేడైనా ఉక్కు సాగే గుణం ఒక్కటే, 2 లక్షల మెగాపాస్కల్స్, అంటే చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్లు. సైజు తగ్గించారా, గ్రేడు ఎంత పెద్దదైనా దిగుడు పెరుగుతుంది. 20 అడుగుల లాంటి స్పాన్లలో చాలాసార్లు సైజు నిర్ణయించేది బలం కాదు, దిగుడే. పైగా సమంగా పరుచుకున్న బరువుకు దిగుడు, పొడవు నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 12 అడుగుల స్పాన్‌ను 16 చేస్తే అదే గర్డర్, అడుగుకు అంతే బరువు పడినా, 3 రెట్లకు పైగా దిగుతుంది. పొడవు తక్కువ, బరువు బాగా ఎక్కువ ఉన్న చోట, స్తంభాల్లో ఈ350తో లాభం ఉంది. మీ పనికి రెండు లెక్కలూ వేయించాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: మా తాతగారు కట్టించిన ఇల్లు. గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచి పైన సున్నం వేశారు. గర్డర్లు చూడటానికి గట్టిగా ఉన్నాయి, ఒకదాని మీద ఇంగ్లిషు అక్షరాలు పోత పోసినట్టు ఉబ్బెత్తుగా ఉన్నాయి. రెండు గదుల్లో మాత్రం గర్డర్లు కాదు, పాత రైలు పట్టాలు వేశారు. పైన ఒక గది కట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తాండూరు

జవాబు: మీ ఇల్లు చూడాలనిపించింది. తాండూరు, షాబాద్ బండలు దొరికే ప్రాంతంలో ఇలాంటి కప్పులు చాలా ఇళ్లకు ఉండేవి, సిమెంటు స్లాబులు వచ్చాక ఒక్కొక్కటే పడగొట్టేస్తున్నారు. ఆ అక్షరాలు మిల్లు పేరు, రోలింగ్‌లోనే అచ్చు పడతాయి. బ్రిటిష్ కాలంలో ఇంగ్లండ్ నుంచి ఓడల్లో గర్డర్లు వచ్చేవి, మిడిల్స్‌బ్రోకు చెందిన డోర్మన్ లాంగ్ పేరు మన దేశంలో పాత భవనాల గర్డర్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. మీ దాని మీద ఏముందో సున్నం గీకి చదివి, ఫొటో తీసి పెట్టుకోండి.

పైన గది మాత్రం వద్దు. ఆ కప్పు కట్టినప్పుడు బండల బరువు, సున్నం బరువు, నాలుగు మంచాలు, ఇంతే లెక్క. గర్డర్ మధ్యలో గట్టిగా కనిపించడం మీద నాకు నమ్మకం లేదు, ఎందుకంటే తుప్పు మొదట తినేది గోడలోకి దూరిన చివర్లను. గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఆ చెమ్మ చివర చేరుతుంది, తుప్పుపట్టిన ఇనుము అసలు పరిమాణం కన్నా కొన్ని రెట్లు ఉబ్బి చుట్టూ ఉన్న గోడను పగలగొడుతుంది. గర్డర్ గోడలోకి దిగే చోట ప్లాస్టరింగ్ ఊడిందా, అడ్డ పగుళ్లున్నాయా చూడండి. ఒకట్రెండు చోట్ల గోడ జాగ్రత్తగా తవ్వి, వైరు బ్రష్‌తో తుప్పు గీకేసి, మిగిలిన మందం కొలిపించండి. ఆ పని చేసేటప్పుడు కింద సపోర్టు పెట్టడం మరిచిపోవద్దు.

రైలు పట్టాల సంగతి వేరు. పట్టా ఉక్కులో కార్బన్ ఎక్కువ, చక్రాల రాపిడికి అరగకుండా ఉండాలని అలా చేస్తారు. గర్డర్ ఉక్కులో కార్బన్ పావు శాతం లోపే ఉంటే పట్టాల్లో దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. అందువల్ల మామూలు పద్ధతిలో వెల్డ్ చేస్తే ఆ చోట పెళుసెక్కి, చెప్పాపెట్టకుండా చిట్లుతుంది. ఫ్యాన్ హుక్కు కోసమైనా, పొడవు పెంచడానికైనా ఆ పట్టాలకు వెల్డింగ్ రాడ్డు తగలనివ్వకండి, క్లాంపులతో బిగించుకోండి. గది కావాలంటే పాత గోడలతో సంబంధం లేకుండా, ఇంటి బయట నుంచి లేచే స్తంభాల మీద కొత్త చట్రం కట్టి దాని మీద కట్టుకోవచ్చు. తాతగారి కప్పు కింద అలాగే ఉంటుంది.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ సివిల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాట్ రోల్డ్ అంటే కాల్చి చేస్తారని తెలుసు, కానీ ప్లేట్లు వెల్డ్ చేసి కూడా ఐ బీమ్ చేయొచ్చు కదా, అన్ని రోలర్లు ఎందుకు? రెక్కలు లోపల ఏటవాలుగా ఎందుకుంటాయి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మంచి ప్రశ్న తల్లీ, మీ ఊళ్లోనే జవాబు ఉంది. విశాఖ ఉక్కులో మీడియం మర్చంట్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు అని ఉంటుంది. కాలేజీ వాళ్లు ఇండస్ట్రియల్ విజిట్ పెడితే తప్పకుండా వెళ్లు, ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె రోలర్ల మధ్య సాగుతూ రూపం మార్చుకోవడం పుస్తకంలో చదివితే అర్థమయ్యేది కాదు.

దిమ్మెను కొలిమిలో సుమారు 1,200 డిగ్రీల దాకా కాల్చి బయటికి తీస్తారు. ఆ వేడిలో ఉక్కు మెత్తగా ఉంటుంది, నొక్కిన కొద్దీ లోపలి రేణువులు మళ్లీ కొత్తగా ఏర్పడుతుంటాయి కాబట్టి ఎంత రూపం మార్చినా గట్టిపడి చిట్లదు. గాళ్లు చెక్కిన రోలర్ల జతల మధ్య నుంచి మళ్లీ మళ్లీ పంపిస్తారు, ఒక్కో జతకు ఐ ఆకారం ఇంకాస్త తేలుతుంది. చివరికి వేడిగా ఉండగానే రంపంతో కోసి, చల్లార్చే బెడ్ మీదకు తోసి, వంకరలు సరిచేస్తారు. అతుకు లేకుండా ఒకే ముక్కలో నడుమూ రెక్కలూ వస్తాయి, వేల టన్నులు ఒకే తీరుగా, వెల్డర్ చేయి మీద ఆధారపడకుండా వస్తాయి. ప్లేట్లు కోసి వెల్డ్ చేసే బీమ్‌లు కూడా ఉన్నాయి, పెద్ద పెద్ద పీఈబీ (ముక్కలన్నీ ఫ్యాక్టరీలోనే చేసి తెచ్చి బిగించే) షెడ్లలో చూస్తావు, ఒక చివర సన్నగా ఇంకో చివర లావుగా కావాలంటే అదే మార్గం. కానీ మామూలు సైజులకు రోలింగే చౌక.

ఏటవాలు ఎందుకంటే, రెండే రోలర్లు, ఒకటి పైన ఒకటి కింద ఉన్నప్పుడు వాటి గాడిలోంచి రెక్క ఊడి రావాలి. గాడి గోడలు నిట్టనిలువుగా ఉంటే ఉక్కు అందులో ఇరుక్కుంటుంది. అందుకే మన ఎంబీలకు రెక్క లోపలి వైపు నడుముతో 98 డిగ్రీల కోణం ఉంటుంది, అంటే 8 డిగ్రీల వాలు. ఈ వాలు మీద బోల్టు బిగిస్తే తల సరిగ్గా ఆనదు, దానికి ఏటవాలు వాషరు వేయాలి. సైటుకు వెళ్లినప్పుడు వేశారో లేదో చూడు, చాలా చోట్ల వేయరు.

హెన్రీ గ్రే అనే ఇంజినీరు పైకిందా రోలర్లతో పాటు పక్కల నుంచి నొక్కే నిలువు రోలర్లు కూడా పెట్టాడు. దాంతో వెడల్పైన, సమాంతరమైన రెక్కలు సాధ్యమయ్యాయి. 1900ల మొదట్లో లక్సెంబర్గ్‌లోని డిఫర్‌డాంజ్‌లో, 1908లో అమెరికాలోని బెత్లహాం మిల్లులో ఇవి తయారవడం మొదలైంది, ఆ తర్వాత ఆకాశహర్మ్యాల స్తంభాలు చిన్న చిన్న ముక్కలు రివెట్లతో కలిపి చేయాల్సిన అవసరం తగ్గుతూ వచ్చింది. మన దగ్గర బర్న్‌పూర్‌లోని సెయిల్ మిల్లు, రాయ్‌గఢ్‌లోని జిందాల్ మిల్లు ఈ పద్ధతిలో సమాంతర రెక్కల బీమ్‌లు చేస్తున్నాయి, ఎన్‌పీబీ (సన్న రెక్కలవి), డబ్ల్యూపీబీ (వెడల్పు రెక్కలవి) పేర్లతో దొరుకుతాయి.

ఇంకో సంగతి, లెక్చరర్‌ని అడుగు. చల్లారేటప్పుడు రెక్కల అంచులు ముందు చల్లబడతాయి, నడుమూ రెక్కా కలిసే మూల చివర చల్లబడుతుంది. ఆలస్యంగా ముడుచుకునే ఆ మూల, అప్పటికే బిగిసిన అంచులను నొక్కి పెడుతుంది. అంటే ఏ బరువూ మోయకముందే బీమ్ లోపల ఒత్తిడి ఉంటుంది. స్తంభాల డిజైన్ పట్టికల్లో దీన్ని లెక్కలోకి తీసుకుంటారు, అది చదివినప్పుడు ఈ మాట గుర్తుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రశ్న: దుబాయ్‌లో సైటు మీద ఫాబ్రికేషన్ ఫోర్‌మన్‌గా చేరాను. ఇక్కడ డ్రాయింగుల్లో యూబీ 203×133×25 అనీ, ఇంకో చోట డబ్ల్యూ 12×26 అనీ ఉంటున్నాయి. మన ఎంబీ 200 లాగా ఎలా చదవాలి?
– ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: మొదటిది బ్రిటిష్ పద్ధతి: సుమారు ఎత్తు 203 మిల్లీమీటర్లు, వెడల్పు 133, మీటరుకు 25 కిలోలు. రెండోది అమెరికా పద్ధతి: ఎత్తు సుమారు 12 అంగుళాలు, అడుగుకు 26 పౌండ్లు, మీటరుకు అయితే 39 కిలోలకు దగ్గరగా. రెండింటిలోనూ బరువు పేరులోనే ఉంటుంది, తూకం సరిచూడటం తేలిక. యూరప్ ఐపీఈ 200లో మన ఎంబీ లాగే ఎత్తు ఒక్కటే చెబుతారు, అది 22.4 కిలోలు. ఒకదాని బదులు ఇంకోటి మీరే మార్చి వేయకండి అన్నా, ఎత్తు దగ్గరగా ఉన్నా రెక్క మందాలు వేరు.

ప్రశ్న: ఏసీ పైపు పోవడానికి గర్డర్‌కు కన్నం పెట్టొచ్చా? గర్డర్ 2 అడుగులు పొట్టిగా వచ్చింది, ముక్క అతికించొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కన్నం నడుములో పెట్టొచ్చు, రెక్కలో పెట్టకూడదు. రెండు చివర్ల మీద ఆనిన గర్డర్‌కు చివర్ల దగ్గర నడుము మీద కోత (అడ్డంగా తెంచేలా పనిచేసే బలం) ఎక్కువ, అందుకని చివర్లకు దూరంగా, ఎత్తులో సరిగ్గా మధ్యన, గుండ్రంగా డ్రిల్లు చేయించండి. గ్యాస్ కట్టరుతో చతురస్రంగా కోస్తే మూలల దగ్గర పగులు మొదలవుతుంది. పైపు పెద్దదైతే ఇంజినీరును అడగండి.

అతుకు మధ్యలో వద్దు, వంపు అక్కడే ఎక్కువ. స్పాన్‌లో చివరి పావు వంతు దగ్గర, పూర్తి మందం వెల్డింగ్‌తో, నడుముకూ రెక్కలకూ ప్లేట్లు వేసి, మంచి సర్టిఫైడ్ వెల్డరుతో చేయించండి. 2 అడుగుల కోసం ఇంత తతంగం కన్నా మార్చి పూర్తి పొడవు ముక్క తెచ్చుకోవడం నయం.

ప్రశ్న: బట్టల దుకాణంలో గర్డర్ల మీద మధ్య అంతస్తు వేశాం. ఫైర్ వాళ్లు గర్డర్లకు రక్షణ పూత వేయమన్నారు. ఇనుము కాలదు కదా, ఎందుకు?
– ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: కాలదు, కానీ మెత్తబడుతుంది. 550, 600 డిగ్రీల దగ్గర ఉక్కు తన బలంలో సగం దాకా కోల్పోతుంది, బట్టలు అంటుకున్న దుకాణంలో ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. పైగా పొడవు పెరుగుతుంది, చివర ఉన్న గోడను బయటికి తోస్తుంది. పైన కస్టమర్లు ఉంటారు, వాళ్లు దిగి బయటపడటానికి కావలసిన సమయం కోసమే ఆ పూత. వెర్మిక్యులైట్ ప్లాస్టరైనా, వేడికి ఉబ్బి నురగలా మారే ప్రత్యేక పెయింటైనా, ఫైర్ రేటెడ్ జిప్సం బోర్డులతో మూసేయడమైనా ఏదో ఒకటి చేయించండి. కింద ఉన్న స్తంభాలకు ముందు చేయించండి. గర్డర్ పోతే ఆ భాగమే కూలుతుంది, స్తంభం పోతే మొత్తం కిందికి వస్తుంది.

ప్రశ్న: కాకినాడలో సముద్రానికి దగ్గర్లో ఇల్లు, మేడ మీద షెడ్డు గర్డర్లకు రెండేళ్లకోసారి పెయింటు వేస్తున్నా పొరలు పొరలుగా ఊడుతోంది. మంచి పెయింటు చెప్పండి.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పెయింటు తప్పు కాకపోవచ్చమ్మా. మిల్లు నుంచి వచ్చిన గర్డర్ మీద నీలం నలుపు రంగులో సన్నటి పెచ్చు ఉంటుంది, వేడి ఉక్కు గాలి తగిలి చల్లారేటప్పుడు ఏర్పడేది. చాలామంది దాని మీదే రెడ్ ఆక్సైడ్ పూసేస్తారు. కొన్నాళ్లకు ఆ పెచ్చు ఊడుతుంది, దానితో పాటు పైన వేసిన రంగులన్నీ ఊడతాయి. మీరు ఎన్నిసార్లు వేసినా ఆ పెచ్చు మీదే వేస్తున్నారు.

ఈసారి మొత్తం గీకించి, వీలైతే ఇసుక బ్లాస్టింగ్ లాంటిది చేయించి తెల్లటి లోహం తేలాక, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఆరిన వెంటనే, అదే రోజు, జింక్ ఎక్కువగా ఉన్న ప్రైమర్ వేయించండి. దాని మీద ఎపాక్సీ, ఎండకు తట్టుకోవడానికి పైన పాలియురేథేన్ పూత. కొత్తగా వేసే ముక్కలైతే హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించి తెచ్చుకోండి, కన్నాలు, వెల్డింగులు అన్నీ ముందే పూర్తయ్యాక. స్తంభాల అడుగున నీళ్లు నిలవకుండా బేస్ ప్లేటు చుట్టూ వాలు ఇవ్వండి, గర్డర్ నిలబెట్టినప్పుడు కింది రెక్క మీద నీళ్లు, ఆకులు చేరే చోట్లు ఏడాదికోసారి తుడిపించండి.